ఫేడ్ స్లైడర్ చూస్తే ఈస్ట్‌మన్ ఏమనుకునేవాడో

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ఫోటో ఒకటి తీశాను. పొద్దున్నే పెరట్లో తులసికోట దగ్గర నిలబడి ఉంది, ఆకుపచ్చ చీర, పక్కనుంచి ఎండ. ఫోన్‌తో తీసిందే అయినా బాగా కుదిరింది. హాస్టల్‌కి వచ్చాక లాప్‌టాప్‌లో దానికి ఒక ఫిల్మ్ ప్రీసెట్ వేసి, గ్రెయిన్ కాస్త పెంచి, ఫేడ్ స్లైడర్‌ని 30 దాకా జరిపి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. కజిన్స్ అందరూ హార్ట్‌లు పెట్టారు. మర్నాడు అమ్మమ్మ ఫోన్ చేసింది. పది రోజుల కిందట తీసిన ఫోటో అప్పుడే ఎందుకు వెలిసిపోయిందని అడిగింది. ఫోన్ పాడైందేమో, కొత్తది కొనుక్కోవడానికి డబ్బులు పంపమంటావా అని కూడా అడిగింది.

అది స్టైల్ అని చెప్పడానికి ట్రై చేశాను. కావాలనే అలా చేశానంటే ఆవిడకి ఇంకా అయోమయంగా అనిపించింది. దానికో కారణం ఉంది, తర్వాత చెప్తాను. ముందు నాకే ఒక డౌటు వచ్చింది. మనం ఫిల్మ్ లుక్ అంటున్నది అసలు ఫిల్మ్ తయారుచేసినవాళ్ళు కోరుకున్న లుక్కేనా? ఆ డౌటుతో చదవడం మొదలుపెడితే ఒక మనిషి జీవితం దగ్గర తేలాను. జార్జి ఈస్ట్‌మన్, కొడాక్ కంపెనీ పెట్టినాయన. మన పాత తెలుగు సినిమా పోస్టర్ల మీద ఈస్ట్‌మన్‌కలర్ అని గొప్పగా వేసుకునేవాళ్ళు చూడండి, ఆ ఈస్ట్‌మన్ ఈయనే. ఆ ఫిల్మ్ మార్కెట్లోకి వచ్చేసరికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పేరు మాత్రం మిగిలింది.

1854 జూలై 12న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి రోచెస్టర్‌లో ఒక కామర్స్ కాలేజీ నడిపేవాడు. జార్జికి ఎనిమిదేళ్ళు నిండకముందే ఆయన చనిపోయాడు. తల్లి మరియా ఇంట్లో గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్ళకి వండిపెట్టి ముగ్గురు పిల్లల్ని సాకింది. ఇద్దరు అక్కల్లో ఒకామెకి పోలియో, 1870లో ఆమె కూడా పోయింది. జార్జి పద్నాలుగో ఏట చదువు మానేసి ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనికుర్రాడిగా చేరాడు. జీతం వారానికి మూడు డాలర్లు. వచ్చిన ప్రతి సెంటు, పోయిన ప్రతి సెంటు పుస్తకంలో రాసుకునేవాడు. 1874లో రోచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా అయ్యాక వారానికి పదిహేను డాలర్లు వచ్చేవి. ఈ పదిహేను అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇరవై మూడేళ్ళ వయసులో సెలవు పెట్టి శాంటో డొమింగో చూసి రావాలనుకున్నాడు. బ్యాంకులో తోటి ఉద్యోగి ఒకాయన, వెళ్తే ఫోటోలు కూడా తీసుకురమ్మని సలహా ఇచ్చాడు. సరేనని కెమెరా సామాను కొన్నాడు. ఇక్కడ సామాను అంటే నిజంగా సామానే. అప్పట్లో ఉన్నది వెట్ ప్లేట్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపు ఫోటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చెయ్యాలి. కాబట్టి పెట్టెంత కెమెరా, స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీళ్ళ కూజా, వీటన్నిటితో పాటు చీకటి కోసం ఒక గుడారం కూడా మొయ్యాలి. ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి ఒకాయనకి ఐదు డాలర్ల ఫీజు కూడా కట్టాడు. తీరా ఆ ప్రయాణం జరగనే లేదు. సామాను మాత్రం ఇంట్లో మిగిలింది, దాంతోపాటు పిచ్చి పట్టుకుంది.

ఇంగ్లండ్ పత్రికల్లో కొత్త పద్ధతి గురించి రాస్తున్నారు. సిల్వర్ లవణాలని జెలటిన్‌లో కలిపి గాజు మీద పూస్తే ఆరిపోయాక కూడా పనిచేస్తుందట. అంటే ఇంట్లో తయారుచేసి పెట్టుకుని ఎప్పుడైనా వాడుకోవచ్చు, గుడారం అక్కర్లేదు. ఈస్ట్‌మన్ పగలంతా బ్యాంకులో లెక్కలు రాసి, రాత్రిళ్ళు అమ్మ వంటింట్లో పొయ్యి మీద జెలటిన్ కాచేవాడు. చాలా రాత్రులు పొయ్యి పక్కనే నేలమీద దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మన హాస్టల్లో సబ్మిషన్ ముందు రోజు లాప్‌టాప్ మీదే తలపెట్టి నిద్రపోయేవాళ్ళు గుర్తొచ్చారు నాకు. తేడా ఏంటంటే ఆయన అలా రెండు మూడేళ్ళు చేశాడు.

ప్లేట్లకి చేత్తో పూత వేస్తే ఒకటి పల్చగా, ఒకటి మందంగా వస్తోంది. అందుకని పూత వేసే మెషిన్ తయారుచేసి 1879లో లండన్ వెళ్ళి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడు రోచెస్టర్‌లో స్టేట్ స్ట్రీట్‌లో ఒక బిల్డింగ్ మూడో అంతస్తు అద్దెకి తీసుకుని డ్రై ప్లేట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు వాళ్ళింట్లో అద్దెకున్న హెన్రీ స్ట్రాంగ్ అనే కొరడాల వ్యాపారి పెట్టుబడి పెట్టాడు. 1881 జనవరి 1న కంపెనీ మొదలైంది. బ్యాంకు ఉద్యోగం మాత్రం సెప్టెంబర్ దాకా వదల్లేదు. స్టార్టప్ పెడతామని థర్డ్ ఇయర్‌లోనే కాలేజీ మానేద్దామనుకునే మా వింగ్ ఫ్రెండ్స్ ఈ లైన్ రెండుసార్లు చదవాలి.

ఈ జీవితంలో నన్ను పట్టేసిన సంవత్సరం 1882. వ్యాపారం బాగా నడుస్తోంది. ఉన్నట్టుండి ఫిర్యాదులు రావడం మొదలైంది, ప్లేట్లు సరిగ్గా పనిచెయ్యట్లేదని. విషయం ఏంటంటే, తయారైన ప్లేట్లకి వెలుతురుని పట్టుకునే గుణం కొన్నాళ్ళకి తగ్గిపోతోంది. షాపుల వాళ్ళేమో కొత్త సరుకుని పాత సరుకు మీదే పేర్చి, పైవి ముందు అమ్మేస్తున్నారు. అడుగున ఉన్నవి నెలల తరబడి అక్కడే ఉండి చచ్చిపోతున్నాయి. మన భాషలో చెప్పాలంటే, క్యూలాగా నడవాల్సిన స్టాకు స్టాక్ డేటా స్ట్రక్చర్ లాగా నడిచింది.

తప్పు షాపులదని తోసెయ్యచ్చు. ఈస్ట్‌మన్ అలా చెయ్యలేదు. అమ్మిన ప్లేట్లన్నీ వెనక్కి తెప్పించి, మంచివి ఇస్తానని మాటిచ్చాడు. చిన్న కంపెనీకి అది ప్రాణం మీదికి వచ్చే ఖర్చు. దానికి తోడు ఇంకో దెబ్బ తగిలింది. అదే ఫార్ములా, అవే కొలతలు, అదే మెషిన్, కానీ కొత్తగా చేస్తున్న ఎమల్షన్ అసలు పనిచెయ్యట్లేదు. ఫ్యాక్టరీ ఆపేశారు. వందల ప్రయోగాలు చేసినా తేలలేదు. ఈస్ట్‌మన్, స్ట్రాంగ్ ఇద్దరూ ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళారు. అక్కడ ప్లేట్లు తయారుచేసే మంచి కంపెనీలో పని చూసి నేర్చుకుని వచ్చాక బయటపడింది. లోపం జెలటిన్‌లో ఉంది. మారింది వీళ్ళ ఫార్ములా కాదు, వీళ్ళకి వచ్చే ముడిసరుకు.

జెలటిన్‌లో తేడా ఏంటో అప్పట్లో ఎవరికీ తెలీదు. నలభై ఏళ్ళ తర్వాత ఆయన కంపెనీ ల్యాబ్‌లోనే శామ్యూల్ షెపర్డ్ అనే కెమిస్ట్ ఆ ముడి విప్పాడు. జెలటిన్ పశువుల తోళ్ళు, ఎముకల నుంచి తీస్తారు. అందులో చాలా కొద్దిగా గంధకం కలిసిన పదార్థాలు ఉంటే ఎమల్షన్‌కి వెలుతురు బాగా పడుతుంది, లేకపోతే పడదు. ఆ గంధకం ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా అంటే, ఆ పశువులు మేసిన ఆవాల జాతి మొక్కల నుంచి! ఇది చదివినప్పుడు నేను రూమ్‌లో గట్టిగా నవ్వాను. పోపులో ఆవాలు చిటపటలాడకపోతే పులిహోర కుదరనట్టు, ఆవాలు లేకపోతే ఫిల్మ్ కుదరదు.

1882 దెబ్బ తర్వాత ఈస్ట్‌మన్ మారిపోయాడు. ముడిసరుకు ఏదైనా ముందే తెప్పించి టెస్ట్ చేసి, పాసయితేనే వాడటం కంపెనీ రూలు అయింది. ఈ రోజు కొన్న డబ్బా, ఆరు నెలల తర్వాత కొన్న డబ్బా ఒకేలా పనిచెయ్యాలి. కొన్నప్పుడు ఎలా ఉందో, అలమరలో ఉన్నంతకాలం అలాగే ఉండాలి. మిగతా జీవితమంతా ఆయన పడ్డ తాపత్రయం ఇదేనని నాకనిపిస్తుంది.

గాజు బరువు, పైగా పగులుతుంది. అందుకని పొడవాటి కాగితం మీద ఎమల్షన్ పూసి, చుట్టచుట్టి వాడే రోల్ తయారుచేశాడు. ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్లకి అది నచ్చలేదు, కాగితం పోగులు ఫోటోలో కనిపిస్తున్నాయని. వాళ్ళు కొనకపోతే అసలు ఫోటోగ్రఫీ రానివాళ్ళకి అమ్ముదాం అనుకోవడం ఆయన తెలివి. 1888లో కొడాక్ కెమెరా అలా వచ్చింది. పేరుకి ఏ అర్థమూ లేదు. కె అక్షరం ఆయనకి ఇష్టం, ఎవరైనా పలకగలిగేలా ఉండాలని అక్షరాలు కూర్చి తయారుచేసుకున్నాడు. ఒక చిన్న పెట్టె, లోపల వంద ఫోటోలకి సరిపడా రోల్. వ్యూఫైండర్ కూడా లేదు. ఫోటోలు గుండ్రంగా వచ్చేవి. వంద అయిపోయాక కెమెరా మొత్తాన్నీ పార్సిల్ చేసి పది డాలర్లతో రోచెస్టర్‌కి పంపితే, ప్రింట్లు తీసి, కొత్త రోల్ ఎక్కించి తిరిగి పంపేవాళ్ళు. బటన్ నొక్కడం వరకే కొన్నవాళ్ళ పని, మిగతాదంతా కంపెనీ చూసుకుంటుందని ప్రకటనలు ఇచ్చాడు. కెమెరా ధర పాతిక డాలర్లు. అంటే బ్యాంకు గుమాస్తాగా ఉన్నప్పటి ఆయన జీతంతో అయితే దాదాపు రెండు వారాలు పనిచేస్తే గానీ కొనలేడు. ఆ లోటు 1900లో తీరింది, పిల్లలు కూడా కొనుక్కునేలా బ్రౌనీ అనే కెమెరాని ఒక్క డాలర్‌కి అమ్మాడు.

మనం ఓఓపీ క్లాసులో అబ్‌స్ట్రాక్షన్ అని బట్టీపడతామే, అది ఇదే. లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే వాడుకోవచ్చు. కానీ దీంతో ఇంకో మార్పు కూడా జరిగింది. అంతవరకు నలుపు ఎంత నల్లగా ఉండాలి, తెలుపు ఎక్కడ ఆగాలి అన్నది ఫోటో తీసినవాడి చేతిలో, వాడి రసాయనాల గిన్నెలో ఉండేది. ఇప్పుడది ఫ్యాక్టరీ చేతిలోకి వెళ్ళింది. ఒక ఫిల్మ్‌కి ఒక లుక్ అన్నది అప్పుడే మొదలైంది. ప్రీసెట్ అనే మాట లేదు గానీ పని అదే.

కాగితం పోగుల సమస్య పారదర్శకమైన ఫిల్మ్‌తో తీరింది. కంపెనీ కెమిస్ట్ హెన్రీ రైకెన్‌బాక్ నైట్రోసెల్యులోజ్ ద్రావణాన్ని పొడవాటి గాజు బల్లల మీద పోసి ఆరబెట్టి 1889లో దాన్ని తయారుచేశాడు. ఎడిసన్ మనుషులు అది కొనుక్కుపోయి కదిలే బొమ్మల మీద ప్రయోగాలు చేశారు. సినిమా అక్కణ్ణుంచి దారి పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే బాగుండదు. న్యూజెర్సీలో హానిబాల్ గుడ్విన్ అనే చర్చి ఫాదర్ ఇలాంటి ఫిల్మ్‌కే 1887లోనే పేటెంట్‌కి అప్లై చేశాడు. ఆయనకది చేతికొచ్చింది 1898లో. పదకొండేళ్ళు! రెండేళ్ళ తర్వాత ఆయన చనిపోయాడు. ఆ పేటెంట్ కొనుక్కున్న కంపెనీ కోర్టుకెక్కి 1914లో గెలిచింది, కొడాక్ యాభై లక్షల డాలర్లు కట్టింది. గుడ్విన్ ఉండగా మాత్రం ఏమీ అందలేదు. ఆ మరుసటి ఏడే కొడాక్‌ది గుత్తాధిపత్యమని ఇంకో కోర్టు తేల్చింది. ఈస్ట్‌మన్ మీద రాసిన చాలా వ్యాసాలు ఈ రెండు కేసుల్నీ ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అమ్మిన సరుకు పాడైతే వెనక్కి తెచ్చుకున్న మనిషి, గుడ్విన్ విషయంలో మాత్రం పాతికేళ్ళు కోర్టు చెప్పేదాకా ఆగాడు. నాకు ఆయనంటే ఇష్టమే, అయినా ఇది మింగుడుపడలేదు.

పెళ్ళి చేసుకోలేదు. 1905లో పెద్ద బంగళా కట్టి తల్లిని తీసుకెళ్ళాడు, రెండేళ్ళకి ఆవిడ పోయింది. రోజూ పొద్దున టిఫిన్ టైమ్‌కి ఆ ఇంట్లో ఒకాయన వచ్చి పైప్ ఆర్గన్ వాయించాలి. మొక్కల మధ్య ఉన్న ఆ హాలు కొలతలు సరిగ్గా లేవనిపించి, 1919లో ఇంటిని రెండుగా కోయించి వెనక సగాన్ని తొమ్మిది అడుగుల పైచిలుకు వెనక్కి జరిపించాడు. ఇల్లు కట్టిన దానికంటే జరపడానికే ఎక్కువైందట. క్యాలెండర్ కూడా నచ్చలేదు. నెలకి 28 రోజులు, ఏడాదికి 13 నెలలు ఉండాలని ప్రచారం చేశాడు. ప్రపంచం వినలేదు గానీ ఆయన కంపెనీ లెక్కలు 1989 దాకా ఆ క్యాలెండర్ ప్రకారమే నడిచాయి. ఫిబ్రవరికి 28, మార్చికి 31 అంటే నెలల లెక్కలు పోల్చడం కష్టమని ఆయన బాధ. డేట్‌టైమ్ లైబ్రరీలతో ఒక్కసారైనా తలబాదుకున్నవాళ్ళకి ఆ బాధ అర్థమవుతుంది.

సంపాదించింది దాదాపు అంతా ఇచ్చేశాడు. ఎంఐటీకి 1912 నుంచి మిస్టర్ స్మిత్ అనే మారుపేరుతో కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఎనిమిదేళ్ళ పాటు ఆ స్మిత్ ఎవరో స్టూడెంట్స్‌కి తెలీదు. నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే టస్కిగీ, హాంప్టన్ విద్యాసంస్థలకీ పెద్ద మొత్తాలు ఇచ్చాడు. రోచెస్టర్‌లో సంగీత కళాశాల, పిల్లల పళ్ళ ఆసుపత్రి పెట్టాడు. అలాంటి పళ్ళ ఆసుపత్రులే లండన్‌లో, రోమ్‌లో కూడా.

చివరి రెండేళ్ళు వెన్నెముక జబ్బు. నడవడం, కూర్చోవడం కూడా నరకమైంది. 1932 మార్చి 14న, 77 ఏళ్ళ వయసులో, తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆ రోజుని ఏదో గొప్ప ముగింపులాగా రాసినవాళ్ళున్నారు. నాకలా అనిపించలేదు. అంత పెద్ద ఇంట్లో ఒంటరిగా, నొప్పితో ఉన్న ఒక ముసలాయన, అంతే.

మన ప్రీసెట్లలో అందరికీ ఇష్టమైన కొడాక్రోమ్ ఆయన చూడలేదు. అది వచ్చింది 1935లో. దాన్ని కనిపెట్టిన మానెస్, గొడౌస్కీ ఇద్దరూ సంగీత విద్వాంసులు. డార్క్‌రూమ్ చీకట్లో గడియారం కనపడదు కాబట్టి పాట ఈల వేస్తూ సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్ళట. కొడాక్ ఆ ఫిల్మ్‌ని 2009లో ఆపేసింది. ఇప్పుడది మనకి ఒక ఫైల్. విప్పి చూస్తే లోపల అంకెల పట్టిక. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 33 మెట్లు అనుకుంటే మొత్తం 35,937 వరసలు. ఈ రంగు వస్తే ఆ రంగుగా మార్చు అని ఒక్కో వరస చెప్తుంది. మధ్యలో వచ్చే రంగుల్ని ఇంటర్‌పొలేషన్ చూసుకుంటుంది. ఆవులు, జెలటిన్, ఈల అన్నీ కలిపి కొన్ని వందల కేబీలు.

అంతవరకు బానే ఉంది. ఫేడ్ స్లైడర్ మాత్రం వేరే కథ. అది చేసేది 0 దగ్గర ఉండాల్సిన నలుపుని 30 దగ్గరికి ఎత్తడం. కోడ్‌లో అయితే ఒక కూడిక, ఒక గుణకారం. ఏ కంపెనీ ఫిల్మ్ గానీ, ప్రింట్ గానీ అలా కనిపించాలని తయారుకాలేదు. అలా కనిపించడం అంటే పాతబడటం. 1882లో ఈస్ట్‌మన్ పెట్టెలు పెట్టెలుగా వెనక్కి తెచ్చుకున్న జబ్బుకి ఇది చుట్టం. గ్రెయిన్ కూడా అంతే, దాన్ని తగ్గించడానికి ఫిల్మ్ కంపెనీలు దశాబ్దాలు కష్టపడ్డాయి, మనం స్లైడర్‌తో పెంచుకుంటున్నాం. తప్పని అనట్లేదు. నాకిప్పటికీ గ్రెయిన్ ఇష్టమే.

ఇక అమ్మమ్మ సంగతి. మా తాతయ్యది ఇంట్లో ఒకే ఒక్క కలర్ ఫోటో ఉంది, మా అమ్మ పెళ్ళికి ముందు ఊళ్ళో స్టూడియోలో తీయించుకున్నది. ట్రంకు పెట్టెలో పట్టుపంచెల మధ్య భద్రంగానే పెట్టారు. అయినా మొత్తం ఎర్రబడిపోయింది. చీకట్లో దాచినా వేడికి, తేమకి సియాన్ రంగు ముందు పోతుంది, మిగిలిన రెండూ కలిసి ఎర్రగా కనిపిస్తాయి. ఈసారి దాన్ని స్కాన్ చేసి సరిచేద్దామని కూర్చున్నాను. మొహం వరకు ఏదో తెచ్చాను. చొక్కా దగ్గర ఆగిపోయాను. అది లేత నీలం అని అమ్మమ్మ అంటుంది, తెలుపని పెద్దమావయ్య, అసలు గళ్ళ చొక్కా అని అమ్మ. ఆ పిక్సెళ్ళలో నీలానికి, తెలుపుకి తేడా మిగల్లేదు. ఏ ప్రీసెట్ వేసినా నేను కల్పించే రంగే అవుతుంది.

తులసికోట ఫోటోని ప్రీసెట్ తీసేసి, మామూలుగా మళ్ళీ పంపాను. అమ్మమ్మ మావయ్యని టౌన్‌కి పంపి ప్రింట్ తీయించుకుంది. వెనకాల బాల్‌పెన్‌తో తారీకు వేసి, దాని కింద ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు అని రాసి పెట్టింది.